ర్యామ్ టైమింగ్‌లు, వోల్టేజీలు: అంకెల వెనుక నానోసెకన్లు

డెస్క్‌టాప్ కంప్యూటర్లను సొంతంగా అమర్చుకునేవారి కోసం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని అక్షరాల్లో పెట్టాం.

అందరికీ నమస్కారం. ఈ హాలులో ఉన్నవారిలో చాలామంది తమ కంప్యూటరును తామే బిగించుకున్నవారు కాబట్టి ర్యామ్ అంటే ఏమిటో చెప్పే పని నాకు లేదు. మీరు కొన్న ర్యామ్ కిట్ డబ్బా మీద ఉండే అంకెల దగ్గరే మొదలుపెడతాను. డీడీఆర్5-6000 అని ఉంటుంది; 5 అంటే మెమరీ తరం, 6000 అంటే డేటా పంపే వేగం. దాని కింద 30-38-38-96 అని ఉంటుంది, వీటినే టైమింగ్‌లు అంటారు. ఆ పక్కన 1.35 వోల్టులు అని ఉంటుంది. మొదటి అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది, రెండో వరుస ఎంత చిన్నదైతే అంత మంచిది, మూడోదాని జోలికి పోకూడదు అనుకొని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఈ గంటలో నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. ప్రతి టైమింగ్ వెనుకా చిప్ లోపల నిజంగా జరిగే ఒక పని ఉంది. ఆ పనికి కొన్ని నానోసెకన్లు పడతాయి. వోల్టేజీ పెంచితే ఆ నానోసెకన్లు తగ్గుతాయా లేదా అనేది ఆ పని స్వభావం మీదా, ఆ చిప్ తయారీ మీదా ఆధారపడి ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి చూడండి. అప్పుడు బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రాంలో, ఏ అంకె ముట్టుకోవాలో, ఏది ముట్టుకోనవసరం లేదో మీకే తెలుస్తుంది.

ముందుగా లెక్క. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాకుకు, అంటే దాని పనికి తాళం వేసే ఒక్కో టిక్కుకు, రెండుసార్లు డేటా పంపుతుంది. డబ్బా మీద 6000 అని ఉన్నా అసలు క్లాకు 3000 మెగాహెర్ట్జ్. అంటే ఒక క్లాకు నిడివి నానోసెకనులో మూడో వంతు. టైమింగ్‌లలో మొదటి అంకెను సీఎల్ అంటారు; సీఎల్ 30 అంటే 30 క్లాకుల నిరీక్షణ. 30ని 3తో భాగిస్తే 10 నానోసెకన్లు. ఏ కిట్‌కైనా ఈ లెక్క వేయవచ్చు. సీఎల్‌ను 2000తో గుణించి, డబ్బా మీది వేగంతో భాగించండి. డీడీఆర్4-3200 సీఎల్ 16 తీసుకుంటే ఎంత వస్తుంది? పది. డీడీఆర్3-1600 సీఎల్ 8? అదీ పదే. ఇరవై ఏళ్ల కిందటి డీడీఆర్-400 సీఎల్ 2 వేసి చూడండి. మళ్లీ పదే. డేటా పంపే వేగం 400 నుంచి 6000కు, అంటే పదిహేను రెట్లు పెరిగింది. మొదటి డేటా ముక్క రావడానికి పట్టే సమయం మాత్రం ఉన్నచోటే ఉంది. సీఎల్ 2 నుంచి 30కి పెరిగిందంటే మెమరీ నెమ్మదించిందని అర్థం కాదు. క్లాకు చిన్నదయింది, పని మాత్రం అంతే సమయం తీసుకుంటోంది.

మరి ఆ పని ఏమిటి? ఎందుకది తగ్గడం లేదు? దీనికి జవాబు కోసం 1966కు వెళ్లాలి. ఐబీఎంలో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్ ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు ఉంటే చాలు, ఒక బిట్టును దాచవచ్చునని ఊహించారు. 1968లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఇవాళ మీ ర్యామ్ స్టిక్కు మీద ఉన్న ప్రతి చిప్‌లోనూ కోట్లాది బిట్లు ఆ పద్ధతిలోనే ఉన్నాయి. కెపాసిటరులో ఛార్జీ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ కెపాసిటరు ఎంతో చిన్నది, అందులోని ఛార్జీ ఎంతో స్వల్పం. దాన్ని చదవాలంటే ఒక పొడవైన తీగ మీదికి వదలాలి. ఆ తీగ మీద కలిగే అతి చిన్న వోల్టేజీ తేడాను సెన్స్ ఆంప్లిఫయరు పసిగట్టి పెద్దది చేయాలి. చదవడంతోనే లోపలి ఛార్జీ చెదిరిపోతుంది కాబట్టి చదివిన విలువను తిరిగి అందులో నింపాలి. ఛార్జీ తీగ మీద పాకడానికి, తేడా పెరగడానికి, కెపాసిటరు మళ్లీ నిండడానికి సమయం కావాలి. ఈ సమయాన్ని ప్రకృతి నిర్ణయిస్తుంది. మన బయోస్ దాన్ని క్లాకుల్లో లెక్కపెడుతుంది, అంతే.

ఈ బిట్లు వరుసలుగా, నిలువుగా పేర్చి ఉంటాయి. తహసీల్దారు కార్యాలయంలోని రికార్డు గదిని ఊహించుకోండి. మీకు కావలసిన సర్వే నంబరు ఒక పుస్తకంలో ఉంది. బీరువా నుంచి ఆ పుస్తకాన్ని తెచ్చి బల్ల మీద పరచాలి. పరిచాక అందులోని గీతను వెతికి చదవాలి. వేరే పుస్తకం కావాలంటే ఇది మూసి బీరువాలో పెట్టి, అది తీయాలి. పుస్తకం తెచ్చి పరచడానికి పట్టే సమయం టీఆర్‌సీడీ. పరిచి ఉన్న పుస్తకంలో గీత చదివి చెప్పడానికి పట్టేది సీఎల్. మూసి తిరిగి పెట్టడం టీఆర్‌పీ. ఇప్పుడు 30-38-38 అన్న అంకెలను మళ్లీ చూడండి. కావలసిన వరుస ముందే తెరిచి ఉంటే 30 క్లాకులు, పది నానోసెకన్లు. ఏ వరుసా తెరిచి లేకపోతే 38, 30 కలిపి 68 క్లాకులు, దాదాపు 22.7 నానోసెకన్లు. వేరే వరుస తెరిచి ఉంటే దాన్ని మూయాలి కాబట్టి 106 క్లాకులు, 35 నానోసెకన్లకు పైమాటే. కిట్ ఎంచుకునేటప్పుడు అందరూ సీఎల్ ఒక్కటే చూస్తారు. ఆటల్లో, కంపైలింగులో, చెదురుమదురుగా డేటా అడిగే ప్రతి పనిలో మిగిలిన రెండూ అంతే బరువు మోస్తాయి.

నాలుగో అంకె టీరాస్. వరుస తెరిచాక కెపాసిటర్లు తిరిగి నిండేవరకూ దాన్ని మూయకుండా ఉంచే కనీస సమయం అది. టీరాస్‌కు టీఆర్‌పీ కలిపితే టీఆర్‌సీ, అంటే ఒక వరుస తెరిచి మూసే మొత్తం సమయం, వస్తుంది. టీఆర్‌సీడీకి టీఆర్‌టీపీ (చదివే ఆదేశం ఇచ్చాక వరుస మూయడానికి ఆగాల్సిన సమయం) కలిపినదానికన్నా టీరాస్ తక్కువ పెట్టడంలో అర్థం లేదు. చదవడం పూర్తికాకుండా మూయడం కుదరదు కదా. కొన్ని బోర్డులు ఆ అంకెను తీసుకుంటాయి, తెర మీద చూపిస్తాయి కూడా. తెర మీద చిన్న అంకె కనిపించినంత మాత్రాన పని వేగంగా జరుగుతోందని నమ్మకండి.

ఇప్పుడు రిఫ్రెష్ గురించి కాస్త నిదానంగా చెబుతాను. నన్నడిగితే ట్యూనింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం దాగి ఉన్నది ఇక్కడే. కెపాసిటరులోని ఛార్జీ నిలవ ఉండదు, కారిపోతుంది. అది పూర్తిగా కారిపోకముందే ప్రతి వరుసనూ ఒకసారి చదివి తిరిగి నింపాలి. డీడీఆర్4లో మామూలు ఉష్ణోగ్రతలో 64 మిల్లీసెకన్లకు ఒకసారి అన్ని వరుసలూ పూర్తి కావాలి, ఆ పని 8192 రిఫ్రెష్ ఆదేశాలుగా విడిపోతుంది, అంటే 7.8 మైక్రోసెకన్లకు ఒక ఆదేశం. డీడీఆర్5లో 32 మిల్లీసెకన్లు, అంటే 3.9 మైక్రోసెకన్లకు ఒకటి. ఈ విరామమే టీరెఫ్‌ఐ. ఒక్కో ఆదేశం పూర్తికావడానికి పట్టేది టీఆర్‌ఎఫ్‌సీ. 16 గిగాబిట్ల డీడీఆర్5 చిప్‌కు ప్రమాణం ప్రకారం అది 295 నానోసెకన్లు. అన్ని బ్యాంకులనూ (చిప్ లోపలి విభాగాలనూ) ఒకేసారి రిఫ్రెష్ చేసే పద్ధతిలో ఆ 295 నానోసెకన్లూ ఆ చిప్‌లు ఏ డేటా ఇవ్వవు. 3900లో 295 ఎంత శాతం? ఏడున్నర. మీరు డబ్బు పెట్టి కొన్న మెమరీ తన సమయంలో ఏడున్నర శాతం మీకు అందుబాటులో ఉండదు. సీఎల్‌ను 30 నుంచి 28కి తగ్గిస్తే మిగిలేది 0.67 నానోసెకను మాత్రమే. ప్రాసెసర్ కోర్ నుంచి మెమరీ వరకూ వెళ్లి వచ్చే మొత్తం ఆలస్యం సుమారు 70 నానోసెకన్లు ఉన్నచోట అది ఎంత? రిఫ్రెష్ మధ్యలో చిక్కుకున్న ఒక్క అభ్యర్థన దానికి వందల రెట్లు ఎక్కువసేపు ఆగిపోవచ్చు. అందుకే సీఎల్ కంటే ముందు ఈ రెండు అంకెలు చూడమంటాను.

వోల్టేజీలు

వోల్టేజీ అంటే ఒకటే మీట ఉందని అనుకోకండి. స్టిక్కుకు వెళ్లేవి వేరు, ప్రాసెసర్‌కు వెళ్లేవి వేరు. డీడీఆర్ తొలి తరంలో 2.5 వోల్టులు, డీడీఆర్2లో 1.8, డీడీఆర్3లో 1.5, డీడీఆర్4లో 1.2, డీడీఆర్5లో 1.1. ఇవి ప్రమాణ విలువలు. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైళ్లు, అంటే తయారీదారు స్టిక్కులో ముందే రాసిపెట్టిన వేగం, టైమింగ్, వోల్టేజీ సెట్టింగులు, వీటిని దాటి వెళ్తాయి, డీడీఆర్4లో 1.35, డీడీఆర్5లో 1.25 నుంచి 1.4 వరకూ సర్వసాధారణం. డీడీఆర్5లో వచ్చిన పెద్ద మార్పేమిటంటే, ఈ వోల్టేజీని మదర్‌బోర్డు కాకుండా స్టిక్కు మీదే ఉన్న పవర్ చిప్ తయారుచేస్తుంది. బోర్డు 5 వోల్టులు ఇస్తుంది, స్టిక్కు దాన్ని వీడీడీగా, వీడీడీక్యూగా, 1.8 వోల్టుల వీపీపీగా మార్చుకుంటుంది. వీడీడీ చిప్ లోపలి పనికి, వీడీడీక్యూ డేటాను బయటికి పంపే ద్వారాలకు, వీపీపీ వరుసలను తెరవడానికి. వోల్టేజీ పెంచితే చిప్‌తో పాటు ఈ పవర్ చిప్ కూడా వేడెక్కుతుందని గుర్తుంచుకోండి.

వీడీడీ పెంచితే ఏది తగ్గుతుంది? అన్నీ తగ్గవు. ఇది అన్నిటికన్నా ఎక్కువగా అపోహలున్న చోటు కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం. డీడీఆర్4 కాలంలో శాంసంగ్ 8 గిగాబిట్ బీ-డై అనే రకం చిప్ కోసం ఓవర్‌క్లాకర్లు, అంటే ప్రమాణానికి మించిన వేగంతో నడిపేవారు, వెతికి వెతికి కొనేవారు. 1.35 వోల్టులకే 3200 వేగంలో 14-14-14 ఇచ్చిన కిట్లు దానితో వచ్చాయి. అంటే సీఎల్ 8.75 నానోసెకన్లు. 1.45 వోల్టులకు 3600లో 14-15-15 కిట్లూ వచ్చాయి, అది 7.78 నానోసెకన్లు. ఆ చిప్‌లో వోల్టేజీ పెంచుతూ పోతే సీఎల్, టీఆర్‌సీడీ, టీఆర్‌పీ మూడూ కలిసి దిగుతాయి, టీఆర్‌ఎఫ్‌సీ కూడా దిగుతుంది. అదే రోజుల్లో మైక్రాన్ కంపెనీ రెవ్-ఈ అనే రకం చిప్ ఉండేది. దానిలో సీఎల్ వోల్టేజీకి లొంగుతుంది, టీఆర్‌సీడీ మాత్రం లొంగదు. మీరు 1.5 వోల్టులు పెట్టినా అది దిగదు, వేడి మాత్రం పెరుగుతుంది. రెండు చిప్‌లూ ఒకే ప్రమాణానికి తయారైనవే, రెండు డబ్బాల మీదా డీడీఆర్4 అనే రాసి ఉంటుంది. అందుకే, ఏ చిప్ ఉందో తెలుసుకోకుండా ఎవరో తెర చిత్రం పెట్టిన అంకెలను మీ బయోస్‌లోకి ఎక్కించకండి.

ప్రాసెసర్ వైపు వోల్టేజీల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. స్టిక్కు పోతే స్టిక్కే పోతుంది. ఇక్కడ తప్పు జరిగితే ప్రాసెసర్ పోతుంది. 2008లో మెమరీ కంట్రోలరు (మెమరీతో మాట్లాడే భాగం) ప్రాసెసర్ లోపలికి వచ్చిన తొలి కోర్ ఐ7లు విడుదలైనప్పుడు, డీడీఆర్3 వోల్టేజీ 1.65 దాటకూడదని ఇంటెల్ స్పష్టంగా చెప్పింది. అప్పటిదాకా అంతకన్నా ఎక్కువ వోల్టేజీతో నడిపినవారికి అది కొత్త హద్దు. ఇక 2023 ఏప్రిల్‌లో ఏఎండీ కంపెనీ రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయి, సాకెట్టుతో సహా మాడిన చిత్రాలు బయటికి వచ్చాయి. ఎక్స్‌పో ప్రొఫైలు పెట్టినప్పుడు కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరుకు వెళ్లేది) తమంతట తామే ఎక్కువగా పెంచేవి. ఆ తర్వాత ఏఎండీ ఆ వోల్టేజీని 1.3 దగ్గర కట్టడి చేస్తూ బయోస్ అప్‌డేట్లు ఇప్పించింది. ఆ ప్లాట్‌ఫామ్ మీద పాత బయోస్‌తో నడుపుతున్నవారు ఈ హాలులో ఉంటే, దయచేసి ఇవాళ ఇంటికి వెళ్లగానే అప్‌డేట్ చేయండి. టైమింగ్‌ల సంగతి తర్వాత చూడవచ్చు. వోల్టేజీ గడిలో ఆటో అని ఉన్నంత మాత్రాన తక్కువ ఉందని అనుకోకండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచి నిజంగా ఎంత వెళ్తోందో మీ కళ్లతో చూడండి.

రైజెన్ 7000 ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్టులో ఎస్‌ఓసీ మెమరీ కంట్రోలరును పోషిస్తుంది. వీడీడీఐఓ ప్రాసెసర్ నుంచి మెమరీకి వెళ్లే ద్వారాలను, వీడీడీజీ ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ను (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారిని) పోషిస్తాయి. 6000 వేగంలో మెమరీ క్లాకు 3000, కంట్రోలరు క్లాకు కూడా 3000; రెండూ సమంగా నడుస్తాయి. రైజెన్ 7000 తరానికి 6000 సరైన మజిలీ అని ఏఎండీ చెప్పడానికి కారణం ఇదే. ఆ సమత్వాన్ని నిలపలేని వేగానికి వెళ్తే కంట్రోలరును సగం వేగానికి దించాలి, అప్పుడు ఆలస్యం పెరుగుతుంది. ఆ నష్టం పూడాలంటే 8000 దరిదాపులకు వెళ్లాలి. డీడీఆర్4 రైజెన్‌లలో ఇదే హద్దు 3600 నుంచి 3800 మధ్య ఉండేది. ఇంటెల్‌లో 11వ తరం నుంచి గేర్ 1 (సమ వేగం), గేర్ 2 (సగం వేగం) అన్న పేర్లతో ఇదే ఏర్పాటు ఉంది. అక్కడ కంట్రోలరు వోల్టేజీ పేరు సిస్టమ్ ఏజెంట్ వోల్టేజీ. 12వ తరంలో పేరులో కే అక్షరం లేని ప్రాసెసర్లకు దాన్ని మార్చే వీలు లేదు. డీడీఆర్4ను గేర్ 1లో పైకి తీసుకెళ్లలేక ఇబ్బందిపడ్డవారిలో చాలామందికి అడ్డు ఇదే. ర్యామ్ మంచిది కాదనుకొని కిట్ మార్చేశారు.

ఒక కిట్‌తో మొదటినుంచి

ఇప్పుడు ఒక నిజమైన కిట్ తీసుకుందాం. రెండు 16 గిగాబైట్ల స్టిక్కులు, డీడీఆర్5-6000, 30-38-38-96, 1.35 వోల్టులు, లోపల ఎస్‌కే హైనిక్స్ చిప్‌లు, కింద ఏఎం5 బోర్డు. మొదటి పని ఏమిటి? టైమింగ్ ముట్టుకోవడం కాదు. ఎక్స్‌పో పెట్టి, అది ఉన్నది ఉన్నట్టుగా తప్పుల్లేకుండా నడుస్తోందో లేదో ఒక రాత్రంతా పరీక్షించండి. పునాదిలోనే తప్పు ఉంటే దాని మీద మీరు మార్చిన ప్రతి అంకెనూ అనవసరంగా అనుమానిస్తారు. రెండో పని, ట్యూనింగ్ జరిగినన్నాళ్లూ మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆపివేయండి. బోర్డు ఆన్ అయినప్పుడు మెమరీతో సంకేతాలు సరిచూసుకుంటుంది, దాన్నే ట్రెయినింగ్ అంటారు. ఈ సెట్టింగు ఉంటే ఆ పనిని దాటవేసి పాత విలువలనే వాడుతుంది. అంకెలు మార్చాక తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉంటుంది. కంగారుపడి పవర్ తీసేయకండి. ఆ నిమిషాల్లో అది చేస్తున్నది అవసరమైన పనే.

ఆ తర్వాత రిఫ్రెష్. జెన్‌టైమింగ్స్ అనే చిన్న ప్రోగ్రాం తెరిస్తే టీఆర్‌ఎఫ్‌సీ 885కు దగ్గరగా కనిపిస్తుంది. 295 నానోసెకన్లను 3తో గుణించండి, అదే అంకె. టీరెఫ్‌ఐ 11,700 దగ్గర ఉంటుంది, 3.9 మైక్రోసెకన్లు. హైనిక్స్ చిప్‌లు ఇంతకన్నా చాలా త్వరగా రిఫ్రెష్ పూర్తిచేయగలవు. 160 నానోసెకన్లు, అంటే 480 క్లాకులు, మంచి చిప్‌లకు మామూలు విషయం. ఒకేసారి అక్కడికి దూకకండి. ముందు 600, పరీక్ష, తర్వాత 540, పరీక్ష, తర్వాత 480. టీరెఫ్‌ఐని 32,768కి పెంచితే విరామం దాదాపు 10.9 మైక్రోసెకన్లు అవుతుంది. 160ని 10,900తో భాగించండి. ఏడున్నర శాతం ఉన్న నష్టం ఒకటిన్నర శాతానికి వచ్చింది. ఒక్క వోల్టు పెంచలేదు, వేగం పెంచలేదు. అయితే 65,535 వరకూ వీలుంది కదా అని అక్కడికి వెళ్లాలా? నేనైతే వెళ్లను. ఒకటిన్నర శాతం నుంచి ఇంకో ముప్పావు శాతం మిగుల్చుకోవడానికి ఒక్కో వరుసను దాదాపు 180 మిల్లీసెకన్ల పాటు తిరిగి నింపకుండా వదలడం అవుతుంది. ప్రమాణం 32 అడుగుతోందని మరవకండి. లాభం దాదాపు అయిపోయింది, ప్రమాదం మాత్రం పెరుగుతూనే ఉంది.

తర్వాత టీఆర్‌ఆర్‌డీ, టీఫా. ఒక వరుస తెరిచిన ఎంతసేపటికి ఇంకో వరుస తెరవవచ్చు, నాలుగు వరుసలు ఎంత వ్యవధిలో తెరవవచ్చు అనేవి ఇవి. డీడీఆర్5లో ఒక రీడ్‌కు 16 ముక్కల డేటా వస్తుంది. క్లాకుకు రెండు చొప్పున డేటా దారి 8 క్లాకులు నిండుగా ఉంటుంది. కాబట్టి టీఆర్‌ఆర్‌డీ-ఎస్ (వేర్వేరు బ్యాంకు గుంపుల్లోని వరుసల మధ్య విరామం) 8, టీఫా 32 పెట్టండి, చాలు. అంతకన్నా తగ్గించినా దారి ఖాళీగా లేదు కాబట్టి పెద్దగా లాభం రాదు. డేటా రాయడానికి సంబంధించిన టీడబ్ల్యూఆర్, టీడబ్ల్యూటీఆర్ వంటివి ఒక్కొక్క మెట్టు దించుతూ పోవచ్చు. వాటి గురించి ఇంతకన్నా చెప్పను.

చివరికి సీఎల్. 1.35 నుంచి 1.40కి వీడీడీ పెంచి 28 ప్రయత్నించండి. వచ్చిందా, ఉంచుకోండి. రాలేదా, 1.45కి ఎగబాకకండి, 30కే తిరిగి వచ్చి వోల్టేజీ కూడా దించేయండి. టీఆర్‌సీడీ, టీఆర్‌పీలను 36కు దించి చూడవచ్చు. ఒకసారి ఒకటే మార్పు. ఒకటే మార్పు అని మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే ఐదు అంకెలు ఒకేసారి మార్చి తప్పు వస్తే ఆ తప్పు ఎవరిదో మీకు ఎప్పటికీ తెలియదు. అన్నీ కుదిరాక ఎస్‌ఓసీ వోల్టేజీని దించుతూ రండి. 6000 వేగానికి చాలా ప్రాసెసర్లకు 1.2 చుట్టుపక్కల సరిపోతుంది, కొన్నిటికి ఇంకా తక్కువే చాలు. ఎక్కువ వోల్టేజీ ఎక్కువ స్థిరత్వాన్ని ఇస్తుందనే నియమం ఏదీ లేదు.

పరీక్ష, వేడి

విండోస్ తెరుచుకుంది, ఆట నడిచింది, ఇక అయిపోయింది అంటారా? మెమరీ తప్పు ప్రాసెసర్ తప్పులా వెంటనే తెర ఆర్పేయదు. ఒక బిట్టు మారుతుంది. ఆ బిట్టు ఒక ఫొటోలో ఉండవచ్చు, మీ ప్రాజెక్టు ఫైలులో ఉండవచ్చు, విండోస్ అప్‌డేట్ డిస్కు మీద రాస్తున్న ఫైలులో ఉండవచ్చు. మారిన బిట్టుతోనే అది డిస్కు మీదికి వెళ్తుంది, అక్కడి నుంచి మీ బ్యాకప్‌లోకీ వెళ్తుంది. నెల తర్వాత ఫైలు తెరుచుకోకపోతే ర్యామ్ మీద ఎవరికీ అనుమానం రాదు. అందుకే ట్యూనింగ్ మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసి, ఆ డిస్కును కంప్యూటరు నుంచి విడదీయండి. డీడీఆర్5లో ఆన్-డై ఈసీసీ (చిప్ లోపలే తప్పులు దిద్దే ఏర్పాటు) ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది చిప్ లోపల ఒక్క బిట్టు తప్పును సరిచేస్తుంది, నిజమే. చిప్ నుంచి ప్రాసెసర్ వరకూ ఉన్న దారిలో వచ్చే తప్పును అది చూడలేదు. మన ఓవర్‌క్లాకింగ్ ఒత్తిడి అంతా ఆ దారి మీదే పడుతుంది.

కాబట్టి కొత్త అంకెలతో మొదటిసారి నేరుగా విండోస్‌లోకి వెళ్లకండి. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే మెమరీ పరీక్ష ప్రోగ్రాం నడపండి. అది డిస్కు జోలికి రాదు. అది దాటాక విండోస్‌లో టెస్ట్‌మెమ్5 కానీ కర్హు కానీ, ఇవీ అలాంటి ప్రోగ్రాంలే, గంటల తరబడి నడపాలి. కంట్రోలరు, ఫ్యాబ్రిక్ సంగతి తేలాలంటే భారీ లెక్కలు చేయించే వై-క్రంచర్, ప్రైమ్95లోని లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష కావాలి. ఒకే పరీక్ష అన్నిటినీ పట్టుకోదు. తప్పు ఎప్పుడు వచ్చిందన్నది కూడా ఒక సమాచారమే. మొదటి నిమిషంలోనే తప్పులు కుప్పలుగా వస్తే ఏదో టైమింగ్ పూర్తిగా హద్దు దాటింది. నలభై నిమిషాల తర్వాత ఒక్కటి వస్తే ముందుగా స్టిక్కు ఉష్ణోగ్రత చూడండి, టీరెఫ్‌ఐని అనుమానించండి. పరీక్ష నెగ్గాక కంప్యూటరును పూర్తిగా ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి పరీక్షించండి. ట్రెయినింగ్ ప్రతిసారీ అచ్చం ఒకేలా కుదరదు.

వేడి గురించి మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పాలి. చిప్ వేడెక్కేకొద్దీ కెపాసిటరు నుంచి ఛార్జీ కారే వేగం పెరుగుతుంది. 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్‌ను రెట్టింపు చేయాలని ప్రమాణమే చెబుతోంది. మనం ఆ రిఫ్రెష్‌ను మూడో వంతుకు తగ్గించాం కాబట్టి మన హద్దు అంతకన్నా చాలా కిందే ఉంటుంది. డీడీఆర్5 స్టిక్కుల మీద ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది; పరీక్షలో అది 50 డిగ్రీల దగ్గరే ఆగితే నాకు సంతోషం. శీతల దేశంలో 20 డిగ్రీల గదిలో కూర్చున్నవారు ఇచ్చిన టీరెఫ్‌ఐ అంకెను మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో పెడితే ఏమవుతుంది? గది గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆపైన గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి నేరుగా స్టిక్కుల మీదికి వస్తుంది. మెమరీ పరీక్ష ఒక్కటే నడిపితే ఆ వేడి లెక్కలోకి రాదు, కాబట్టి గ్రాఫిక్స్ కార్డునూ కలిపి పనిపెట్టి పరీక్షించండి. డిసెంబరులో నెగ్గిన అంకెలను ఏప్రిల్‌లో మళ్లీ పరీక్షించండి. స్టిక్కుల మీదికి గాలి కొట్టేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టడం, 0.05 వోల్టు పెంచడం కన్నా ఎక్కువ మేలు చేసిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఇంకొక్క మాట, నాలుగు స్టిక్కుల గురించి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో ఇవాళ ఒక కిట్ కొని, ఆరు నెలల తర్వాత అదే మోడల్ ఇంకో కిట్ తెచ్చి పక్కన పెడదామని చాలామంది అనుకుంటారు. పేరు ఒకటే అయినా లోపలి చిప్ మారి ఉండవచ్చు. తయారీదారులు చెప్పకుండానే మారుస్తారు. చిప్ ఒకటే అయినా నాలుగు స్టిక్కులు కంట్రోలరుకు పెద్ద బరువు. రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులతో 5200, నాలుగింటితో 3600 మాత్రమే. అంతకు మించి నడిచేదంతా మన పూచీయే, ఎక్స్‌పో కూడా ఏఎండీ లెక్కలో ఓవర్‌క్లాకింగే, వారంటీ షరతుల్లో అది రాసి ఉంది. 64 గిగాబైట్లు కావాలంటే రెండు 32 గిగాబైట్ల స్టిక్కులున్న ఒకే కిట్ కొని, ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి.

అంతా కుదిరాక ఆ అంకెలన్నిటినీ ఫోనులో ఫొటో తీసుకోండి, లేదా ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అతికించండి. బయోస్ అప్‌డేట్ చేస్తే చాలా బోర్డుల్లో మీరు దాచుకున్న ప్రొఫైళ్లు చెరిగిపోతాయి, లేదా కొత్త బయోస్ వాటిని తీసుకోదు. అప్‌డేట్ తర్వాత ఆ అంకెలు తిరిగి ఎక్కించి, పరీక్షలు మళ్లీ మొదటినుంచి నడపాలి, ఎందుకంటే ట్రెయినింగ్ చేసే ప్రోగ్రామే మారి ఉంటుంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. అడిగేవారు ముందుగా మీ బోర్డు, ప్రాసెసర్, కిట్ మోడల్ నంబరు చెప్పండి.